డాక్టర్ బూషైబ్ ఇచ్చే కానుక

“అది ఇక్కణ్ణుంచి కదిలిందా, నీ గుండెల మీద కూచుంటా! ల్యాబూ లేదు గీబూ లేదు. ఏం చేసేదుంటే నా కళ్ళముందర చెయ్యి.”

“అట్లా అంటే ఎట్లా లల్లా! ఇంత ముదిరిన జబ్బుకి వైద్యం బల్ల మీద పెట్టి చేసేది కాదు. ల్యాబ్‌లో మిషన్లుంటాయి. అక్కడ గాలి కూడా వడకట్టిన గాలి.”

“వడకట్టిన గాలా! ఈ జూతియాలో, ఈ రేకుల కింద? ఎవరి చెవిలో పెడుతున్నావయ్యా పూలు? సరే పద, నేనూ వస్తా. ఆ ల్యాబ్ ఏదో నేనూ చూస్తా.”

ఫ్యాను గరగరా తిరుగుతున్న చప్పుడూ, దారిమ్మని అరుస్తూ పోతున్న బండివాడి కేకా మాత్రమే వినిపించాయి.

మూడు సందుల అవతల తన కొట్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇదంతా వింటున్న రిద్వాన్ పగలబడి నవ్వాడు. డాక్టర్ బూషైబ్ గారి ల్యాబ్ అతనే. మిషన్లంటే ఒక టంకం కడ్డీ, నాలుగు స్క్రూడ్రైవర్లు, పక్క రేకు ఊడిపోయిన పాత కంప్యూటరు. వడకట్టిన గాలంటే పక్క కొట్లో సార్డీన్ చేపలు వేయించే నూనె పొగ.

కాసాబ్లాంకా జూతియాలో, అంటే ఆ పాత సామాన్ల బజార్లో, “నాకు తెలీదు” అనే మెకానిక్ ఇంకా పుట్టలేదు. కాలిపోయిన టీవీ తెచ్చినా, సముద్రంలో పడ్డ ఫోను తెచ్చినా “చిన్న పని, సాయంత్రం రండి” అనేస్తారు. గిరాకీ సందు మలుపు తిరగ్గానే ఆ సరుకుని చంకలో పెట్టుకుని, పని తెలిసినవాడి దగ్గరికి పరిగెడతారు. ఆ తెలిసినవాడు ఇంకో తెలిసినవాడి దగ్గరికి పరిగెడతాడు. ఇక్కడికొచ్చిన ల్యాప్‌టాప్ దాని యజమాని కన్నా ఎక్కువ సందులు తిరుగుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, అందరూ చేసేదే. మిగతావాళ్ళు దాన్ని పొట్టకూటి పని అంటారు. బూషైబ్ ఒక్కడే దానికి తెల్లకోటు తొడిగాడు.

ఆ కోటు బడిపిల్లలకి అమ్మే దుకాణంలో కొన్నది. మూరెడు పొట్టి. జేబుకి మూడు పెన్నులుంటాయి, ఒక్కటీ రాయదు. కొట్టు ముందు బోర్డు మీద హార్డ్‌డిస్కు బొమ్మ, దాని మీద స్టెతస్కోపు పెట్టిన చెయ్యి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘డాక్టర్ బూషైబ్, హార్డ్‌డిస్కు వైద్యులు’ అని ఉంటాయి. ఎవరైనా ల్యాప్‌టాప్ తెస్తే ముందు దాని మూత మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, “ఎన్నాళ్ళుగా ఇట్లా?” అని అడుగుతాడు. గిరాకీ గుటక మింగి చెప్పడం మొదలుపెడతాడు. సగం పని అక్కడే అయిపోతుంది. రెండో సగం రిద్వాన్ చేస్తాడు.

బూషైబ్ తండ్రి రేవులో చేపల పెట్టెలు మోసేవాడు. కొడుక్కి మాత్రం బరువులు మొయ్యడం ఏనాడూ నచ్చలేదు. డిష్ కార్డుల రోజుల్లో, బయటి దేశాల చానళ్ళు ఊరికే చూడాలని కాసా ఊరంతా జూతియా మీద పడ్డప్పుడు, వారానికోసారి మారే తాళపు అంకెల్ని ఒకడి దగ్గర తెచ్చి పదిమందికి అమ్మేవాడు. ఆ అంకెలు తానే ఛేదించానని చెప్పుకునేవాడు. తర్వాత ఫోన్లలో పాటలు ఎక్కించాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఇన్ని కాలాలు దాటి అతను నేర్చుకున్న విద్య ఒక్కటే. ఫార్మాట్. ఏ జబ్బుతో వచ్చినా అదే మందు. నెమ్మదిగా నడుస్తోందా, ఫార్మాట్. తెర వెలగడం లేదా, ఫార్మాట్. ఛార్జర్ వైరు తెగిందని తెచ్చినవాడి ల్యాప్‌టాప్ కూడా ఒకసారి ఫార్మాట్ చేశాడు. పైగా “మంచిదేలే, రక్తం శుభ్రపడింది” అన్నాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. అది అతనిదొక్కడిదే కాదు, ఈ సందులన్నిటిదీ. తుడిచేసిన డిస్కుని ఖాళీగా తిరిగివ్వడం ఇక్కడ మర్యాద కాదు. ఇంటికొచ్చిన గిన్నెని ఖాళీగా పంపినట్టుంటుంది. అందుకని మెకానిక్ తన దగ్గరున్న సినిమాలూ పాటలూ నింపి, కానుకగా ఇస్తాడు. గిరాకీ తన ఫొటోలు పోయిన సంగతి మర్చిపోయి, ఆ పాటలు చూసుకుని మురిసిపోతూ వెళ్తాడు. బూషైబ్ కానుక మరీ ఘనం. పాత షాబీ పాటలు, ఈజిప్టు సినిమాలు, వంటల వీడియోలు, ఒక మీసాల గాయకుడు పెళ్ళిళ్ళలో పాడిన పాటలు మొత్తం. వీటన్నిటికీ ప్రత్యేకంగా ఒక డిస్కు ఉంది అతని దగ్గర. దానికి గుడ్డ సంచి కూడా కుట్టించాడు.

సిదీ మూమెన్ పేటలో ఉండే వాళ్ళమ్మ “మా అబ్బాయి డాక్టరు” అని చెప్పుకుంటుంది. శుక్రవారం కుస్కుస్ తినడానికి ఇంటికెళ్తే వాకిట్లో మోకాళ్ళ నొప్పుల వాళ్ళు నలుగురు కూర్చుని ఉంటారు. నేను ఆ డాక్టర్ని కాదమ్మా అని చెప్పొచ్చు కదా. చెప్పడు. జీలకర్ర నీళ్ళు తాగమంటాడు.

ఇలాంటివాడి దగ్గరికి బతూల్ వచ్చింది, గౌరవంగా అందరూ లల్లా అని పిలిచే మనిషి.

బతూల్ నగ్గాఫా. అంటే పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి, ఒక్క రాత్రిలో ఐదారు కాఫ్తాన్లు మార్పించి, పల్లకీ ఎక్కించి దింపే మనిషి. కాసాలో కాస్త గొప్పింటి పెళ్ళంటే ఆమె కాఫ్తాన్లే. ఆ ఇళ్ళవాళ్ళు ఆమెని పిలిచేది ఊరికే కాదు. ముందు ఆమె తన ల్యాప్‌టాప్ తెరిచి, అంతకు ముందు పెళ్ళికూతుళ్ళ ఫొటోలు చూపించాలి. “ఇదిగో ఈ ఆకుపచ్చది ఫలానా వాళ్ళమ్మాయి వేసుకుంది” అనాలి. అప్పుడు తల్లులు ఒకరి మీద ఒకరు పోటీ పడి బేరం ఖాయం చేస్తారు. ఇరవై ఏళ్ళుగా ముస్తాబు చేసిన పెళ్ళికూతుళ్ళందరూ ఆ డబ్బాలో ఉన్నారు. వేసవి పెళ్ళిళ్ళు నెత్తిన ఉన్నాయి. ఆ ఫొటోలు లేకపోతే ఆమె తలుపు కొట్టే ఇల్లుండదు.

ఇంకో చిక్కుంది. అవి ఆడవాళ్ళ గదుల్లో తీసిన ఫొటోలు. మొగవాళ్ళ కంట పడనివ్వనని ప్రతి ఇంట్లోనూ ఖురాన్ మీద చెయ్యి వేసి మాటిచ్చింది. అందుకే ల్యాప్‌టాప్ ఆమె కళ్ళముందు నుంచి కదలకూడదు. కదలకపోతే అది రిద్వాన్ దగ్గరికి రాదు. రిద్వాన్ అక్కడికి వెళ్తే బూషైబ్ బోర్డు పరువు పోతుంది. గొంతులో వెలక్కాయ పడ్డ బూషైబ్, ఆమె మొదటిసారి కాదన్నప్పుడే రిద్వాన్‌కి ఫోను కలిపి, కోటు జేబులో వేసుకుని, వైరు కాలరు కిందుగా లాగి చెవిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఏం జరిగినా రిద్వాన్‌కి వినిపిస్తుంది, రిద్వాన్ ఏం చెప్పినా బూషైబ్ చెవిలో పడుతుంది.

“సరే లల్లా, మీ కోసం ఇక్కడే చేస్తా. అసలు ఎట్లా పోయిందో చెప్పండి.”

“ఎట్లా పోవడమేంటి, ఆ కెమెరా అమ్మాయి వల్ల పోయింది. మొన్న హాల్లో ఫొటోలు ఇందులోకి ఎక్కిస్తోంది. ఎక్కిస్తుంది, ఎక్కిస్తుంది, ఎంతకీ ఎక్కించదే! అవతల పెళ్ళికూతురి జుట్టు ఆరలేదు. జుట్టు మిషన్ పెట్టడానికి ప్లగ్గు ఒక్కటే ఉంది. దీని వైరు పీకి అది పెట్టాను.”

“బ్యాటరీ?”

“బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అయినా కాసేపు ప్లగ్గు పీకితే ఫొటోలు పోతాయా? కాసేపు పొయ్యి ఆర్పితే గిన్నెలో కూర పోతుందా?”

రిద్వాన్ నెత్తి కొట్టుకున్నాడు. ఒక పెళ్ళికూతురి జుట్టు కోసం ఇరవై ఏళ్ళ పెళ్ళికూతుళ్ళని గంగలో కలిపిందీవిడ. “మాలెం, మా మేస్త్రీ, విను. ఏదీ నొక్కకు. ముందు తెర మీద ఏముందో పైకి చదువు” అన్నాడు.

బూషైబ్ ఆలోచిస్తున్నవాడిలా గొణగడం మొదలుపెట్టాడు. “ఊఁ… సి ఉంది. బాగుంది, నాడి ఆడుతోంది. డి కూడా ఉంది… కానీ దాని కింద ఎంత నిండిందో చూపించే గీత లేదు. ఊఁ.”

“డి మీద రెండుసార్లు నొక్కు. ఏదో అడుగుతుంది. ఏమడిగినా కాదని చెప్పు.”

“డి తెరిస్తే… ‘ఈ డిస్కుని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా’ అంటోంది.”

“వద్దను.”

ఫార్మాట్ అన్న మాట కనబడితే బూషైబ్ వేలు దానంతటదే లేస్తుందని రిద్వాన్‌కి తెలుసు.

“వద్దని నొక్కరా నాయనా!”

“వద్దు” అన్నాడు బూషైబ్ పైకే.

“ఏంటి వద్దు?” అంది బతూల్.

“దానికి చెప్తున్నా లల్లా. కొన్నిటితో మాట్లాడాల్సొస్తుంది.”

రిద్వాన్‌కి సంగతి అర్థమైపోయింది. రాస్తుండగా కరెంటు పోయింది కాబట్టి డి భాగం మొదట్లో ఉండే పేజీ చెడిపోయింది. ఏది ఎక్కడుందో చెప్పేది ఆ పేజీ. అది చదవడం కుదరక మిషను ‘ఇక్కడేమీ లేదు, ఫార్మాట్ చేద్దామా’ అంటోంది. అంతా అక్కడే ఉంది, ఎవరూ ఎక్కడికీ పోలేదు. పైగా ఆ పేజీకి నకలొకటి ఆ భాగం చిట్టచివర ఎప్పుడూ ఉంటుంది. చివరున్నది తెచ్చి ముందు పెడితే చాలు. సైన్సు కాలేజీలో రెండేళ్ళు బెంచీలు అరగదీసినా ఇది ఎవడూ చెప్పలేదు. ఆ కాలేజీ మానేసి జూతియాలో పడ్డాక, జనం పారేసిన డిస్కులు కెలుకుతూ తెలుసుకున్నాడు.

“మాలెం, నీ అదృష్టం బాగుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. నేనిచ్చిన నల్ల పెన్‌డ్రైవ్ ఉందిగా, అది పెట్టు. అందులో ఒక్కటే బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కు.”

బూషైబ్ నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఉంటాయి. ఎందుకంటే బతూల్ కెవ్వుమంది.

“చంపేశావా? అంతా నల్లగా అయిపోయిందేంటి?”

“లేదు లల్లా, ఇది ఎక్స్‌రే.”

“ఎక్స్‌రే మొహం! నా ప్రాణాలు పోతుంటే… ఏయ్, చెవిలో ఏంటది? నా ఏడుపు నేనేడుస్తుంటే నువ్వు పాటలు వింటున్నావా?”

“పాటలు కాదు లల్లా…”

“తియ్యి. తీసెయ్యి దాన్ని! నేను మాట్లాడుతుంటే చెవిలో పుల్లలు పెట్టుకుని కూచుంటాడా! మీ అమ్మ నీకిదేనా నేర్పింది?”

ఏదో గీసుకున్నట్టు చప్పుడు వచ్చింది. తర్వాత మాటలు గుడ్డ చాటు నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ఇయర్‌ఫోన్ జేబులోకి పోయింది. ఇక రిద్వాన్ వినగలడు, చెప్పలేడు.

నల్ల తెర ముందు బూషైబ్ ఒంటరివాడయ్యాడు. అక్కడ ఇంగ్లీషు వరసలు. ఒక్కటీ అర్థం కాదు. మూల ఎర్ర గుర్తు ఒక్కటే అతనికి తెలుసు. దాన్ని నొక్కి ఆ తెర మూసేశాడు. ఆ సంగతి రిద్వాన్‌కి బతూల్ “హమ్మయ్య, నలుపు పోయింది” అనడంతో తెలిసింది.

“ఇప్పుడు చూడండి లల్లా. అదే అడుగుతోంది, బాగు చెయ్యమంటారా అని.”

“అడిగితే చెయ్యమని చెప్పవేం? వద్దంటావేంటి ఇందాకట్నుంచి?”

“ఒరేయ్ వద్దురా!” అని రిద్వాన్ ఫోన్లోకి అరిచాడు. సార్డీన్ల కొట్టువాడు తొంగిచూశాడు. ఆ అరుపు బూషైబ్ జేబులోనే ఎక్కడో ఉండిపోయింది.

టింగ్‌మని ఒక చిన్న గంట. ఇన్నేళ్ళలో ఆ గంట రిద్వాన్ కొన్ని వందల సార్లు విని ఉంటాడు. ఫార్మాట్ అయిపోయిందనడానికి గుర్తు.

“అయిపోయింది లల్లా. డి తెరుచుకుంది. జబ్బు పోయింది.”

“ఖాళీగా ఉందేం?”

ఇక్కడ బూషైబ్ నిజం చెప్పొచ్చు. పోనీ ఆగిపోయినా సరిపోయేది. అప్పటికీ కొంప మునగలేదు. ఫార్మాట్ చేస్తే మొదటి పేజీలు కొత్తవి పడతాయంతే, ఫొటోలు వాటి అడుగున అట్లాగే ఉంటాయి. మీద ఇంకేదైనా రాసేదాకా వాటికొచ్చిన లోటేం లేదు. కానీ ఖాళీ డిస్కు కనబడితే ఏం చెయ్యాలో అతని చేతులకి మెదడుతో పనిలేకుండా తెలుసు.

“ఖాళీగా ఎందుకుంటుంది లల్లా, నిండుతుంది. ఓపిక పట్టండి.”

టుంగ్‌మని రెండో చప్పుడు. కానుక డిస్కు పెట్టాడు.

రిద్వాన్ లేచి నిలబడ్డాడు. మూడు సందులు. పరిగెత్తితే నాలుగు గుక్కల్లో వెళ్ళొచ్చు. నిలబడ్డవాడు మళ్ళీ కూర్చున్నాడు. గ్లాసులో అప్పుడే పోసుకున్న పుదీనా టీ ఉంది. ఎన్నేళ్ళనుంచో తను చేసిన ప్రతి పనికీ ‘రాత్రంతా నిద్రలేకుండా చేశాను లల్లా’ అని పేరు కొట్టేసినవాడు, ఈరోజు నడిరోడ్డు మీద బట్టల్లేకుండా దొరికిపోబోతున్నాడు. దొరకనీ. రేపటి నుంచి ఆ బోర్డు చూసి జూతియా అంతా నవ్వనీ. రిద్వాన్ టీ ఊదుకుంటూ తాగాడు.

అప్పుడు ఫోన్లో బతూల్ జగ్రాదె పెట్టింది. పెళ్ళికూతురు పల్లకీ ఎక్కేటప్పుడు ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ గొంతెత్తి పెట్టే ఆనందపు కూత.

“నిండుతోంది! ఆకుపచ్చ గీత చూడు, ఎట్లా పరిగెడుతోందో! నా తల్లులే, వస్తున్నారు, ఒక్కొక్కళ్ళే వస్తున్నారు! అల్లా నీ చేతులు చల్లగా ఉంచాలి డాక్టరూ!”

ఆ కూత విన్నాక రిద్వాన్ తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టేసి పరిగెత్తాడు.

అతను చేరేసరికి బతూల్ కళ్ళు తుడుచుకుంటోంది. బూషైబ్ చేతులు కట్టుకుని, వైద్యుడిలా తల ఊపుతూ నిలబడి ఉన్నాడు. రిద్వాన్ ఇద్దరి మధ్యలోంచి చెయ్యి పెట్టి ఛార్జర్ వైరు పీకేశాడు. బ్యాటరీ లేని మిషను టప్పున ఆరిపోయింది.

“ఎవడ్రా నువ్వు?” అంది బతూల్. “నా పిల్లలు వస్తుంటే మధ్యలో పీకుతావా?”

“వచ్చేది మీ పిల్లలు కాదు లల్లా.”

“మరెవరు?”

రిద్వాన్ బూషైబ్ వైపు చూశాడు. బూషైబ్ పైన రేకుల వైపు చూశాడు.

“ముందు ఇందులోంచి డిస్కు బయటికి తియ్యాలి” అన్నాడు రిద్వాన్. “ఇక ఒక్క అక్షరం కూడా దీని మీద రాయకూడదు. నా మిషన్‌కి పెట్టి, లోపలున్నవి బయటికి లాగుతా. నేను ఫొటోలు చూడను. తెర మీ వైపు తిప్పి పెడతా.”

“నువ్వెవరో చెప్పలేదు.”

“ల్యాబ్‌ని.”

బతూల్ బూషైబ్‌ని పైనుంచి కిందిదాకా చూసింది. డిస్కు తీయించి, చేతిరుమాల్లో చుట్టి, తన సంచీలో పెట్టుకుని, రిద్వాన్ వెనకాల నడిచింది. బూషైబ్ కోటు గుండీలు పెట్టుకుంటూ వాళ్ళ వెనక వచ్చాడు. దారిలో కనబడ్డవాళ్ళకి “ల్యాబ్‌కి, ల్యాబ్‌కి” అని చెబుతూనే వచ్చాడు. సిగ్గనేది ఎక్కడ కొనుక్కుంటారో అతనికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కొట్లో అడుగుపెట్టగానే బతూల్ ముక్కు మీద తలగుడ్డ అంచు పెట్టుకుంది. “వడకట్టిన గాలి” అంది.

రిద్వాన్ డిస్కుని తగిలించి, పని మొదలుపెట్టి, తెరని ఆమె వైపు తిప్పాడు. తనూ బూషైబూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. తప్పుచేసిన బడిపిల్లల్లా ఇద్దరు మగాళ్ళు రేకు గోడకేసి చూస్తూ కూర్చుంటే, వెనకనుంచి ఆవిడ గొంతు మాత్రం వినిపించింది.

“వచ్చింది… ఒకటి వచ్చింది. పేరు లేదేం? అన్నీ అంకెలే ఉన్నాయి.”

“పేర్లు పోయాయి లల్లా. ఎవరు ఎవరో మీరే చూసి చెప్పుకోవాలి.”

“నేను చెప్పుకుంటాలే. నా చేత్తో ముస్తాబు చేసినవాళ్ళని నేను గుర్తుపట్టనా! ఇదిగో, ఈమె నూనె మిల్లు వాళ్ళమ్మాయి. తెల్ల కాఫ్తాన్, జరీ నడికట్టు. ఈమె ఆ ముక్కోపి, నగలు బరువని ఏడ్చింది… ఇదెవరు? ఎవడ్రా ఈ మీసాలవాడు?”

గోడవైపున్న బూషైబ్ చిన్నగా దగ్గాడు.

“మైకు పట్టుకున్నాడు. నా ఆడవాళ్ళ గదిలోకి వీడెట్లా వచ్చాడు? మళ్ళీ వాడే! ఇంకోటి… ఇదేదో వంకాయలు వేయిస్తున్నారు. నా పెళ్ళిలో వంకాయలేంటి?”

కొంతసేపటికి ఆమె మాటలు ఆగిపోయాయి. మౌస్ నొక్కుతున్న చప్పుడు మాత్రం వచ్చింది, ముందు నెమ్మదిగా, తర్వాత త్వరత్వరగా.

“ఇటు తిరుగు” అంది చివరికి.

“చూడకూడదన్నారు కదా లల్లా.”

“తిరుగు. ఇందులో చూడ్డానికేం లేదు.”

తెర మీద ఒక పెళ్ళికూతురు. నుదుటి మీద కిరీటం, కాటుక కళ్ళు, సిగ్గుపడుతున్న నవ్వు, అంతా నిగనిగలాడుతున్నాయి. గడ్డం కింద నుంచి పాదాల దాకా బూడిదరంగు పలక. ఆమె ఇంకోటి నొక్కింది. మొహం ఉంది, కింద బూడిద. ఇంకోటి. కిరీటం మాత్రం ఉంది. ఫొటో పై సగం మిగిలి, కింది సగం మీద మీసాలవాడి పాట వచ్చి కూర్చుంది. బాగున్నవి లేకపోలేదు, కానీ ఎక్కువ వాటిది ఇదే గతి.

“మొహాలు నాకెందుకు?” అంది బతూల్. ఆమె గొంతు అరుపు మర్చిపోయినట్టుంది. “మొహాలు వాళ్ళమ్మలకి కావాలి. నాకు కాఫ్తాన్లు కావాలి. రేపు ఎవరింటికెళ్ళి ఏం చూపించను? ఈ తలకాయలా?”

రిద్వాన్ ఏదో చెప్పబోయాడు. ఇంకా వెతకొచ్చనీ, కొన్ని రావచ్చనీ. ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

“ఇందాక ఫోన్లో ఉన్నది నువ్వేనా? ఇతని చెవిలో?”

“నేనే.”

“ఎంత దూరం ఇక్కణ్ణుంచి ఇతని కొట్టు? మూడు సందులు. నడవలేకపోయావా?”

బల్ల మీద టీ గ్లాసు అట్లాగే ఉంది. రిద్వాన్ దాన్ని కాగితాల వెనక్కి జరిపాడు.

“నా ఫొటోల మీద ఈ పాటలు ఎవరు పోశారు?” అంది బతూల్. “ఫార్మాట్ చెయ్యమంటావా అని అది అడిగితే చెయ్యమన్నది ఎవరు? ఇతనేమో నువ్వు చెప్పినట్టే చేశానంటాడు. నువ్వేం అంటావో తెలీదు. నేను మసీదు దాకా వెళ్ళి అసర్ నమాజు చదువుకుని వస్తా. వచ్చేసరికి ఇద్దరూ కలిసి నాకు ఒక్క పేరు చెప్పాలి. ఆ పేరు ఈ వేసవిలో నేను కాలు పెట్టే ప్రతి ఇంట్లోనూ చెబుతా. నా బతుకు ఎవరి చేతిలో పోయిందో కాసా అంతా తెలుసుకోవాలి.”

డిస్కుని మళ్ళీ రుమాల్లో చుట్టుకుని, పొడవాటి జెల్లాబా అంగీ అంచు ఎత్తిపట్టుకుని, సందులోని నూనె నీళ్ళు దాటుకుంటూ వెళ్ళిపోయింది.

బూషైబ్ కాసేపు ఆమె వెళ్ళిన వైపే చూశాడు. మొహం సార్డీను కడుపులా పాలిపోయి ఉంది. స్టూలు లాక్కుని రిద్వాన్ దగ్గరగా జరిగాడు.

“ఆమెకి అట్లా చెప్పావా, నేను చెబితేనే నొక్కావని?” అన్నాడు రిద్వాన్. “ఎప్పుడు చెప్పావ్?”

“దార్లో. నువ్వు ముందు నడుస్తున్నావ్ కదా.”

“నేను వద్దని అరిచాను. గొంతు పోయేట్టు అరిచాను.”

“అరిచావులే. ఇప్పుడు దాని గురించి కాదు. తమ్ముడూ, ఒక్క సంగతి విను. ఆమె వచ్చాక నువ్వే అని చెప్పు.”

“ఏంటీ?”

“నువ్వే అని. నీ మాటే వేదమని నమ్మి నేను నొక్కానని. నీకేం పోతుంది చెప్పు? నీ పేరు ఈ సార్డీన్లవాడికి తప్ప ఎవడికీ తెలీదు. వయసులో ఉన్నావ్, చెయ్యి తిరిగినవాడివి, ఇంకో బజారుకి పోయినా బతుకుతావ్. నాకు ఆ బోర్డు తీసేస్తే ఏముంది? నాకేం వచ్చు? శుక్రవారం ఇంటికెళ్తే వాకిట్లో ఆ మోకాళ్ళవాళ్ళు కూడా ఉండరు, అమ్మ తలుపు కూడా తియ్యదు. నువ్వెట్లా చూస్తావో నాకు తెలీదా, నన్ను చూసినప్పుడల్లా కాలికింద పడ్డదాన్ని చూసినట్టు చూస్తావ్. చూసుకో, ఏం ఫర్వాలేదు. ఇవాళ్టికి మాత్రం చెప్పు.”

నమాజు అయిపోయినట్టు మసీదు మైకు గరగరమని ఆగిపోయింది. బూషైబ్ సందు మలుపు వైపు ఒకసారి మెడ తిప్పి చూసి, గొంతు ఇంకా తగ్గించాడు.

“చెప్పేటప్పుడు తల కొంచెం దించుకో తమ్ముడూ. నువ్వు మామూలుగా చూసే ఆ చూపుతో చెప్పావనుకో, ఆవిడ నమ్మదు.”